ఇంటి గ్యారేజీలో సూపర్‌ఛార్జర్ కిట్: ఇంజన్లు ఎక్కడ పోతాయి, ఎందుకు పోతాయి

2015–17 ఫోర్డ్ మస్టాంగ్ జీటీలోని 5.0 లీటర్ల కొయోటీ వీ8 ఇంజన్ కంపెనీ నుంచి 435 హెచ్‌పీతో వచ్చింది. దాని మీద బయట దొరికే మొదటి స్థాయి సూపర్‌ఛార్జర్ (ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోసే బ్లోయర్) కిట్ ఒకటి పెడితే అది 600 చుట్టుపక్కలకు చేరుతుంది. పిస్టన్లు మార్చనక్కర్లేదు, హెడ్లు విప్పనక్కర్లేదు, ఇంజన్ కిందికి దించనక్కర్లేదు. అమెరికాలో డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా సొంత గ్యారేజీ, ఒక టూల్‌బాక్సు ఉన్నవాళ్లకు ఈ పని మీద మనసు పోవడానికి కారణం అదే. అలవాటున్న మెకానిక్కుకు పన్నెండు నుంచి పదహారు గంటల పని. ఇంట్లో, అదీ తొలిసారి అయితే రెండు వీకెండ్లు పక్కన పెట్టుకోవాలి.

బోల్టులు విప్పి బిగించడం ఓపిక ఉన్నవాళ్లందరికీ వస్తుంది, కిట్‌తో వచ్చే పుస్తకంలో ఫొటోలు కూడా ఉంటాయి. సూపర్‌ఛార్జర్ పెట్టిన ఇంజన్లు పాడయ్యేది చాలావరకు బిగింపులో పొరపాటు వల్ల కాదు. పెరిగిన గాలికి తగ్గ పెట్రోలు అందక, గాలి వేడి దిగక, స్పార్కు పడాల్సిన వేళ కంటే ముందు పడి పాడవుతాయి. పుస్తకం ఈ మూడింటి గురించి తక్కువ చెబుతుంది. అందుకే ముందు లెక్కలు చూసి, తర్వాత స్పానర్ల దగ్గరికి వెళ్దాం. ఉదాహరణకు పైన చెప్పిన కొయోటీ ఇంజన్‌నే, దాని మీద కూర్చునే ఈటన్ కంపెనీ టీవీఎస్ ఆర్2300 తరహా బ్లోయర్‌నే తీసుకుందాం.

గాలి లెక్క

నాలుగు స్ట్రోకుల ఇంజన్ క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒకసారి నిండుతుంది. అంటే 5 లీటర్ల ఇంజన్ ఒక్కో చుట్టుకు సుమారు 2.5 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆర్2300 బ్లోయర్ తన షాఫ్టు ఒక చుట్టు తిరిగితే 2.3 లీటర్లు తోస్తుంది. క్రాంకు పుల్లీ బ్లోయర్ పుల్లీకి రెట్టింపు వ్యాసం ఉందనుకుంటే, క్రాంకు ఒక చుట్టు తిరిగేలోపు బ్లోయర్ రెండు చుట్లు తిరిగి 4.6 లీటర్లు తోస్తుంది. లోపల తిరిగే రోటర్ల సందుల్లోంచి పదో వంతు వెనక్కి జారిపోయినా 4.1 లీటర్లు మిగులుతాయి. 2.5 లీటర్లు పట్టే చోట 4.1 లీటర్లు కుక్కితే నిష్పత్తి 1.65. వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ కాబట్టి మీటర్ మీద కనిపించే బూస్టు దాదాపు 9.5 పీఎస్ఐ. గాలి వేడి, పైపుల్లో అడ్డంకుల వల్ల అసలు అంకె కాస్త అటూ ఇటూ ఉంటుంది.

ఈ లెక్కలో ఒక విషయం దాగి ఉంది. బూస్టు అంటే ఇంజన్ మింగలేక మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) పేరుకున్న గాలి తాలూకు పీడనం. అదే బ్లోయర్, అదే పుల్లీ ఉంచి హెడ్లు, ఎగ్జాస్టు మెరుగుపరిస్తే ఇంజన్ ఇంకా తేలిగ్గా మింగుతుంది. అప్పుడు మీటర్‌లో బూస్టు తగ్గి, చక్రాల దగ్గర బలం పెరుగుతుంది. "నా కారు 12 పీఎస్ఐ" అని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఇది గమనించరు. రెండు కార్లను పోల్చాలంటే బూస్టు మీటర్ చూసి లాభం లేదు, డైనో (చక్రాల దగ్గర బలం కొలిచే యంత్రం) ఇచ్చే షీటు చూడాలి.

బ్లోయర్ పుల్లీని 85 మిల్లీమీటర్ల నుంచి 80కి తగ్గిస్తే బ్లోయర్ 6 శాతం ఎక్కువ వేగంగా తిరుగుతుంది. వంద డాలర్ల పుల్లీతో బలం వస్తోంది కదా అని చాలామంది మొదటి నెలలోనే ఆ పని చేస్తారు. పుల్లీ చిన్నదైతే బెల్టు చుట్టుకునే పట్టు తగ్గుతుంది, గాలి ఇంకా వేడెక్కుతుంది, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు వాటి హద్దు దాటుతాయి. కిట్ ఇచ్చినవాళ్ల ట్యూన్ ఫైలు (పెట్రోలు, స్పార్కు లెక్కలను కారు కంప్యూటర్‌కు చెప్పేది) పాత పుల్లీకి రాసింది. పుల్లీ మారితే ఫైలు మారాల్సిందే.

మూడు రకాల బ్లోయర్లు

ఇండియానాలోని కానర్స్‌విల్‌కు చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంటు తీసుకున్న గాలి యంత్రమే ఇప్పటి రూట్స్ బ్లోయర్లకు మూలం. అప్పట్లో దాన్ని కొలిమిలకు గాలి ఊదడానికి వాడారు. 1921 బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ సూపర్‌ఛార్జర్ ఉన్న అమ్మకపు కార్లను చూపింది. ఈటన్ టీవీఎస్ దానికి నేటి రూపం: రోటర్లకు నాలుగేసి రెక్కలు, 160 డిగ్రీల మెలిక. రెండో రకం ట్విన్ స్క్రూ. విపుల్ కంపెనీ కిట్లు ఈ రకానివే. గాలిని లోపలే నొక్కుతుంది కాబట్టి ఎక్కువ బూస్టు దగ్గర దీనికి లాభం. ఈ రెండూ ఇంజన్ మీద, ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఉన్న చోటే కూర్చుంటాయి. పెడల్ తొక్కగానే కింది ఆర్‌పీఎం నుంచే పికప్ ఉంటుంది.

మూడోది సెంట్రిఫ్యూగల్. ప్రోఛార్జర్, వోర్‌టెక్ కిట్లు ఈ కోవలోవి. ఇంజన్ ముందు బ్రాకెట్టు మీద కూర్చుంటుంది, మానిఫోల్డ్ విప్పనక్కర్లేదు. బూస్టు వేగంతో పాటు పెరుగుతుంది కాబట్టి కింద మామూలు కారులా, పైన రాక్షసిలా ఉంటుంది. ఒకే జాగ్రత్త: కొన్ని పాత వోర్‌టెక్ మోడళ్లు ఇంజన్ ఆయిల్‌నే వాడుకుంటాయి, ఆ ఆయిల్ తిరిగి దిగడానికి ఆయిల్ పాన్‌కు రంధ్రం పెట్టాలి. ఇంట్లో చేసేవాళ్లు సొంత ఆయిల్ ఉన్న మోడల్ తీసుకోవడం మంచిది. ఇక్కడి నుంచి మానిఫోల్డ్ మీద కూర్చునే రకం గురించే చెప్పుకుందాం.

పెట్రోలు లెక్క

సూపర్‌ఛార్జర్ ఉన్న ఇంజన్ పూర్తి లోడు మీద ఒక్కో హెచ్‌పీకి గంటకు 0.6 నుంచి 0.65 పౌండ్ల పెట్రోలు తాగుతుంది. 600 హెచ్‌పీకి, 0.62 చొప్పున, గంటకు 372 పౌండ్లు. ఎనిమిది ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోదానికి 46.5. ఇంజెక్టర్‌ను నూటికి నూరు శాతం తెరిచి ఉంచకూడదు, 85 శాతం దగ్గర ఆపాలి. అంటే ఒక్కోటి గంటకు 55 పౌండ్లు, నిమిషానికి సుమారు 575 సీసీ ఇవ్వగలిగి ఉండాలి. కిట్‌తో వచ్చిన ఇంజెక్టర్ ఏ సైజో, ఏ ప్రెషర్ దగ్గర ఆ సైజో డబ్బా మీద చూసి ఈ లెక్కలో పెట్టుకోండి. కొన్ని కిట్లు ఇంజెక్టర్లను సరిగ్గా హద్దు మీదే ఇస్తాయి. వాటి మీద చిన్న పుల్లీకి చోటుండదు.

ఇంకో చిక్కుంది. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే పైపులో (దీన్నే రైలు అంటారు) ప్రెషర్‌ను 55 పీఎస్ఐ దగ్గర స్థిరంగా ఉంచే పద్ధతిలో, మానిఫోల్డ్‌లో 9 పీఎస్ఐ బూస్టు ఉన్నప్పుడు ఇంజెక్టర్ మూతికి ఎదురుగా ఆ 9 నిలబడుతుంది. మిగిలే తేడా 46. ప్రవాహం ఆ తేడా వర్గమూలాన్ని బట్టి మారుతుంది కాబట్టి, పెట్రోలు ఎక్కువ కావలసిన ఆ క్షణంలోనే ఇంజెక్టర్ దాదాపు 9 శాతం తక్కువ ఇస్తుంది. ట్యాంకులోని పంపు కూడా చాలకపోవచ్చు. అందుకే కొన్ని కిట్లలో పంపుకు వోల్టేజి పెంచే పెట్టె వస్తుంది. దానికి వేసే వైరు సన్నగా ఉన్నా, ఎర్తు బోల్టు పెయింటు మీదే బిగించినా లాభం లేదు. పెయింటు గీకి, లోహం మెరిసాక బిగించాలి.

పెట్రోలు నాణ్యత దగ్గర మనవాళ్లు తరచూ తికమక పడతారు. భారత్‌లో బంకుల మీద రాసేది ఆర్‌ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబరు) అంకె, అమెరికాలో రాసేది ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ (మోటార్ ఆక్టేన్ నంబరు)ల సగటు. అమెరికా 93 మన లెక్కలో దాదాపు 98. మన 91 అమెరికాలో 87 అంతే. కాబట్టి "91 ఆక్టేన్ చాలు" అని అమెరికా కిట్ పుస్తకంలో ఉంటే, హైదరాబాద్‌లో 91 పోయిస్తే చాలని అర్థం కాదు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో తెచ్చిన ఎక్స్‌పీ100 లాంటి ఇంధనం ఆ స్థాయిని అందుకుంటుంది. కాలిఫోర్నియాలో పంపు దగ్గర సాధారణంగా దొరికే పై స్థాయి 91, టెక్సస్‌లో 93. ట్యూన్ ఫైలు అడిగేటప్పుడు మీకు రోజూ దొరికే అంకె చెప్పండి, ఎప్పుడైనా దొరికేది కాదు.

వేడి లెక్క

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. బయట 35 డిగ్రీలున్న గాలిని 1.6 రెట్లకు నొక్కితే, బ్లోయర్ సామర్థ్యం 65 శాతం అనుకుంటే, బయటికొచ్చే గాలి 100 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఈ ఇంజన్ కంప్రెషన్ 11:1, అంటే పిస్టన్ మిశ్రమాన్ని పదకొండో వంతుకు నొక్కుతుంది. అంత కంప్రెషన్‌లోకి వంద డిగ్రీల గాలి పంపితే, స్పార్కు మంట చేరకముందే మూలల్లో మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటాం. కొయోటీలోని పోత పిస్టన్లు మామూలు లోడును బాగానే మోస్తాయి కానీ నాకింగ్ దెబ్బలకు రింగుల మధ్య గోడ విరుగుతుంది. ఆ తర్వాత ఒక సిలిండర్‌లో కంప్రెషన్ పడిపోవడం, ఎగ్జాస్టులో నీలిపొగ.

కాబట్టి బ్లోయర్ కింద ఇంటర్‌కూలర్ ఉంటుంది. గాలి దాని రెక్కల మధ్య నుంచి దిగుతుంది, లోపల కూలెంట్ తిరుగుతుంది, ముందు బంపర్ వెనక పెట్టే చిన్న రేడియేటర్ ఆ వేడిని బయటికి వదులుతుంది. ఇది ఇంజన్ కూలెంట్‌తో సంబంధం లేని వేరే సర్క్యూట్. దానికి సొంత ట్యాంకు, సొంత ఎలక్ట్రిక్ పంపు ఉంటాయి. 600 హెచ్‌పీ దగ్గర సెకనుకు దాదాపు 0.45 కిలోల గాలి వెళ్తుంది. దాన్ని 100 డిగ్రీల నుంచి 55కు దించాలంటే 20 కిలోవాట్లు లాగెయ్యాలి, బాత్‌రూముల్లోని 2 కిలోవాట్ల గీజర్లు పది ఒకేసారి నడిచినంత. ఆ పని చేయాల్సిన చిన్న పంపు గాలిబుడగ పట్టి ఖాళీగా తిరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇంట్లో చేసే బిగింపుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, అయినా దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ట్యాంకు మూత దాకా నింపి "నిండింది" అనుకుంటారు. పంపు ట్యాంకు కన్నా కింద ఉండాలి. నింపేటప్పుడు కారు ముందు భాగాన్ని కాస్త పైకెత్తి, పంపును ఆన్ చేసి, మూత తీసి చూడండి. ట్యాంకులో నీరు సుడి తిరుగుతూ, గలగలలాడుతూ వస్తుండాలి. ఉపరితలం కదలకుండా ఉంటే గాలి పట్టినట్టే. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం వేస్తారు. కంప్రెసర్ ఉన్నవాళ్లు వాక్యూమ్‌తో నింపే పరికరం తెచ్చుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

విప్పేముందు

వేడి ఇంజన్ మీద, థ్రాటిల్ (గాలి దారిలోని మూత) పూర్తిగా తెరిచి, ఎనిమిది సిలిండర్ల కంప్రెషన్ ప్రెషర్ చూసి రాసుకోండి. అన్నిటికన్నా తక్కువది అన్నిటికన్నా ఎక్కువదానిలో కనీసం 75 శాతం ఉండాలన్నది సాధారణ ప్రమాణం. బ్లోయర్ పెట్టే ఇంజన్‌కు తేడా 10 శాతం లోపు ఉంటేనే ముందుకెళ్లడం మంచిది. ఆయిల్ తాగే ఇంజన్ మీద ఏడెనిమిది వేల డాలర్లు పెట్టడం వృథా.

మాన్యువల్ గేరు కారు అయితే క్లచ్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. నాలుగో గేరులో 2500 ఆర్‌పీఎం దగ్గర పూర్తిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం ఎగిరి బండి వేగం పెరగకపోతే, ఆ క్లచ్ 600 హెచ్‌పీ మొయ్యదు. మరో బలహీనత ఆయిల్ పంపు. కొయోటీలో పంపు గేర్లు పొడి లోహాన్ని నొక్కి చేసినవి. రెవ్ లిమిటర్‌కు (ఆర్‌పీఎం హద్దుకు) పదేపదే కొట్టుకునే ఇంజన్లలో అవి పగిలిన సందర్భాలు చాలా ఉన్నాయి. మార్చాలంటే ముందు కవర్ మొత్తం విప్పాలి. రోడ్డు మీద నడిపే మొదటి స్థాయి కిట్‌కు అది తప్పనిసరి కాదు. ట్రాక్ కోసం, డ్రాగ్ కోసం అయితే మాత్రం ఇప్పుడే చేయించుకోండి.

చట్టం సంగతి కూడా ఇక్కడే. కాలిఫోర్నియాలో కిట్‌కు ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఉండాలి, స్టిక్కర్ బానెట్ కింద అతికించాలి, లేకపోతే స్మాగ్ పరీక్షలో ఆగిపోతుంది. భారత్‌లో మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 తయారీదారు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా ఆర్‌సీ వివరాలు మారేలా వాహనాన్ని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పకుండా పెట్టుకుంటే ప్రమాదం జరిగిన రోజు క్లెయిము దగ్గర చిక్కు.

బిగింపు

మొదటి పని ట్యూన్ పరికరంతో కారు కంప్యూటర్‌లోని అసలు ఫైలును చదివి దాచుకోవడం. చాలా కిట్లలో ఆ ఫైలును కంపెనీకి పంపితే వాళ్లు మీ కారుకు సరిపడే కొత్త ఫైలు పంపుతారు, దానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. కారు విప్పేశాక ఈ సంగతి గుర్తొస్తే వీకెండ్ పోయినట్టే.

తర్వాత పెట్రోలు ప్రెషర్ తీసెయ్యాలి. పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఆగిపోయేదాకా నడపండి. ఇంకోసారి కొద్ది సెకన్లు క్రాంక్ చేసి, అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీయండి. గ్యారేజీ తలుపు తెరిచి ఉండాలి, పక్కన గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే ఆపెయ్యాలి, ఏబీసీ రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంలో ఉండాలి. ఫోర్డ్ పెట్రోలు పైపుల క్విక్ కనెక్టర్లకు ప్రత్యేకమైన చిన్న టూలు ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి.

పాత ఇన్‌టేక్ మానిఫోల్డ్ తీసే ముందు దాని చుట్టూ పేరుకున్న ఇసుక, ఆకులు వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగెయ్యండి. తీసిన మరుక్షణం ఎనిమిది పోర్టులనూ టేపుతో మూసెయ్యండి. గుడ్డలు కుక్కితే ఎన్ని పెట్టారో రాసి పెట్టుకోండి, తీసేటప్పుడు అన్నీ వచ్చాయో లేదో లెక్క చూసుకోండి. ఒక అల్యూమినియం వాషర్ పోర్టులో పడి వాల్వు పక్కన ఆగితే అయస్కాంతానికి అందదు. హెడ్ విప్పడం తప్ప దారి ఉండదు. కొయోటీలో నాక్ సెన్సర్లు మానిఫోల్డ్ కింద లోయలో ఉంటాయి. మళ్లీ అక్కడికి చెయ్యి పోయేది బ్లోయర్ మొత్తం విప్పితేనే. కాబట్టి వాటి కనెక్టర్లు క్లిక్‌మని కూర్చున్నాయో లేదో లాగి చూడండి. నాక్ సెన్సర్ పని చేయకపోతే కంప్యూటర్ ఇంజన్‌ను కాపాడలేదు.

హెడ్ల మీద గ్యాస్కెట్ కూర్చునే చోటును ప్లాస్టిక్ స్క్రేపర్‌తో శుభ్రం చేయాలి. ఇసుక కాగితం వద్దు, ఆ పొడి సిలిండర్లలోకి దిగుతుంది. కొత్త ఓ-రింగులున్న గ్యాస్కెట్‌కు సిలికాన్ పూయడం కూడా వద్దు. బ్లోయర్ అసెంబ్లీ ఇద్దరు పట్టుకోవలసిన బరువు. ఒకరు ముందు నుంచి, ఒకరు ఫెండర్ పక్క నుంచి నిటారుగా దించాలి. పక్కకు జరిపి సర్దితే గ్యాస్కెట్ మడతపడుతుంది, అది బయటికి కనిపించదు. బోల్టులన్నీ చేత్తో నాలుగు మరలు పట్టాకే రెంచ్ తీయండి. మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఇవి 10 న్యూటన్ మీటర్ల స్థాయి చిన్న బోల్టులు. చక్రాలకు వాడే పెద్ద టార్క్ రెంచ్ ఇంత తక్కువ దగ్గర అబద్ధం చెబుతుంది. చిన్న టార్క్ రెంచ్ కొనుక్కోవాలి, కచ్చితమైన అంకె కిట్ పుస్తకం నుంచే తీసుకోవాలి.

ఇంజెక్టర్ల ఓ-రింగులకు శుభ్రమైన ఇంజన్ ఆయిల్ చుక్క రాసి, నేరుగా నొక్కి కూర్చోబెట్టండి. పొడిగా నొక్కితే రింగు చిట్లుతుంది, 55 పీఎస్ఐ దగ్గర వేడి ఇంజన్ మీద పెట్రోలు చిమ్ముతుంది. స్పార్కు ప్లగ్గులు ఒక మెట్టు చల్లవి (వేడిని త్వరగా వదిలే రకం) వేస్తారు. కంపెనీ గ్యాప్ 1.25–1.35 మిల్లీమీటర్లు. బూస్టులో ఆ గ్యాప్‌ను దూకలేక స్పార్కు ఆరిపోతుంది, కాబట్టి 0.8–0.9 దగ్గరికి తెస్తారు. అల్యూమినియం హెడ్ చల్లగా ఉన్నప్పుడే ప్లగ్గులు తిప్పాలి.

క్రాంకు పుల్లీ మార్చే కిట్ అయితే ఆ మధ్య బోల్టు ఒక్కసారికే పనికొచ్చేది. సాగేలా బిగించే రకం కాబట్టి కొత్తది వెయ్యాలి. షెవీ ఎల్ఎస్ ఇంజన్ల మీద ఇదే పని చేసేవాళ్లకు ఇంకో మెట్టుంది. ఆ క్రాంకు కొసకు కీ ఉండదు, పుల్లీ బిగుతుతోనే నిలుస్తుంది. బ్లోయర్ లాగుడుకు అది జారకుండా డ్రిల్లు చేసి పిన్ను దించుతారు.

బెల్టు వేశాక పుల్లీలన్నీ ఒకే తలంలో ఉన్నాయో లేదో తిన్నని లోహపు స్కేలు ఆనించి చూడండి. ఒక ఐడ్లర్ (బెల్టును దారిలో ఉంచే చిన్న పుల్లీ) వెనక వాషర్ మరిచిపోతే బెల్టు మొదటి రోజు కాకపోయినా మొదటి వారంలో అంచు తింటుంది.

హోసులు: ఎక్కడ వాక్యూమ్, ఎక్కడ బూస్టు

ఫొటో చూసి అతికిస్తే సరిపోతుందనుకునే చోటు ఇది, తికమక అంతా ఇక్కడే. కొత్త అమరికలో థ్రాటిల్‌కు, రోటర్లకు మధ్య ఎప్పుడూ వాక్యూమో, బయటి పీడనమో ఉంటుంది. రోటర్ల తర్వాత ఐడిలింగులో వాక్యూమ్, తొక్కితే బూస్టు. పాత ఇంజన్‌లో మానిఫోల్డ్‌కు వెళ్లిన ప్రతి హోసునూ ఈ రెండు చోట్లలో దేనికి కలపాలో తెలుసుకోవాలి.

ఇంజన్ లోపలి ఆవిరిని లాగే పీసీవీ హోసును రోటర్ల ముందు, థ్రాటిల్ తర్వాత కలపాలి. పొరపాటున రోటర్ల తర్వాత కలిపితే బూస్టు నేరుగా ఇంజన్ కిందికి దిగి డిప్‌స్టిక్ పైకి లేస్తుంది, వెనక సీలు నుంచి ఆయిల్ కారుతుంది. ఆ దారిలో ఆయిల్ ఆవిరిని పట్టే క్యాచ్ క్యాన్ పెట్టుకోవడం మంచిది. ఆవిరి ఇంటర్‌కూలర్ రెక్కల మీద పేరుకుంటే చల్లదనం పోతుంది, సిలిండర్‌లోకి వెళ్తే ఆక్టేన్ తగ్గుతుంది. బ్రేక్ బూస్టర్ హోసులో చెక్ వాల్వు సరైన దిక్కున ఉండాలి. పెట్రోలు ఆవిరి లాగే పర్జ్ హోసుకూ అంతే.

బ్లోయర్‌లో బైపాస్ వాల్వు ఉంటుంది. మెల్లగా నడిపేటప్పుడు గాలిని రోటర్ల చుట్టూ తిప్పి పంపి, వేడినీ పెట్రోలు ఖర్చునూ తగ్గిస్తుంది. దాని వాక్యూమ్ హోసు ఊడితే అది ఎప్పుడూ మూసే ఉంటుంది, సిటీ ట్రాఫిక్‌లోనే గాలి సలసల కాగుతుంది. తెరుచుకుని ఇరుక్కుంటే బూస్టే రాదు. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు దాని చెయ్యి లాగి ఉండాలి, ఆపగానే వదలాలి. చూడడానికి అర నిమిషం చాలు.

గాలి కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్‌కు, థ్రాటిల్‌కు మధ్య చిన్న లీకు ఉన్నా కంప్యూటర్‌కు తెలియని గాలి లోపలికి వెళ్తుంది, మిశ్రమం పల్చబడుతుంది. ఫిల్టర్ దగ్గరి నుంచి పొగ పంపి చూసే స్మోక్ టెస్టు చేస్తే అన్ని లీకులూ ఒకేసారి బయటపడతాయి.

తొలి స్టార్టు

పాత ఫైలుతో కొత్త ఇంజెక్టర్ల మీద ఇంజన్‌ను ఒక్క నిమిషం కూడా నడపకూడదు. పెద్ద ఇంజెక్టర్లు పాత లెక్కకు పెట్రోలు పోస్తే సిలిండర్ గోడల ఆయిల్ కడుక్కుపోతుంది. బ్యాటరీకి ఛార్జర్ తగిలించి, 13 వోల్టుల దగ్గర నిలిపి, హెడ్‌లైట్లు, ఏసీ ఆపి, అప్పుడు కొత్త ఫైలు ఎక్కించండి. మధ్యలో వోల్టేజి పడితే కంప్యూటర్ మొద్దుబారిపోయి, టోయింగ్ బండి మీద డీలర్ దగ్గరికి పోవాల్సి రావచ్చు.

స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి, రెండు సెకన్లాగి, ఆఫ్ చేయడం మూడు నాలుగుసార్లు చేస్తే రైలు నిండుతుంది. టార్చితో ప్రతి ఇంజెక్టర్ మూలా చూడండి, ముక్కుతోనూ చూడండి. తడి ఉంటే అక్కడే ఆగిపోవాలి. అంతా పొడిగా ఉంటే స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే వేడెక్కనిచ్చి, ఇంటర్‌కూలర్ ట్యాంకు, బెల్టు, బైపాస్ చెయ్యి మళ్లీ ఒకసారి చూసుకోండి. మొదటి పది పదిహేను కిలోమీటర్లు బూస్టు లేకుండా నడిపి, ఇంటికొచ్చి, చల్లారాక హోసు క్లాంపులు, కూలెంట్ మట్టం చూడాలి.

పూర్తి తొక్కుడు రోడ్డు మీద చేసేది కాదు, డైనో మీద చేసేది. అక్కడ చూడాల్సినవి: బూస్టులో ల్యాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్లు చెప్పే అంకె; 1 కన్నా తక్కువైతే పెట్రోలు ఎక్కువ) 0.78 నుంచి 0.82 మధ్య ఉండాలి. దీన్ని కొలవడానికి వైడ్‌బ్యాండ్ మీటర్ వాడతారు. కంపెనీ సెన్సర్ కొలిచింది ఈ స్థాయికి సరిపోతుందో లేదో ట్యూన్ చేసినవాళ్లను అడగాలి. రైలు ప్రెషర్ పై ఆర్‌పీఎంలో కిందికి జారకూడదు. జారితే పంపుదో, వైరింగుదో తప్పు, ట్యూన్‌లో పెట్రోలు పెంచినా ప్రయోజనం ఉండదు. నాక్ కారణంగా స్పార్కు వెనక్కి లాగుతున్నట్టు కనిపిస్తే పెడల్ వదిలెయ్యాలి. ఇంటర్‌కూలర్ తర్వాతి గాలి వేడి మొదటి పరుగులో 50లలో ఉండి, మూడో పరుగుకు 75కు ఎగబాకితే పంపులో గాలి ఉందేమో చూడండి. అక్కడేం లేకపోతే రేడియేటర్‌కు ఎదురుగాలి అందడం లేదన్నమాట.

తర్వాత కనిపించేవి

బూస్టు 5000 ఆర్‌పీఎం దాకా పెరిగి, ఆ పైన పడిపోతుంటే బెల్టు జారుతోంది. పుల్లీల చుట్టూ నల్లటి రబ్బరు పొడి దానికి సాక్ష్యం. బెల్టు మీద స్ప్రేలు కొట్టడం మానేసి టెన్షనర్ స్ప్రింగునూ, బెల్టు పొడవునూ చూడాలి. ఎండాకాలం సిగ్నల్ దగ్గర పావుగంట ఆగి బయల్దేరితే కారు మందంగా అనిపించడం తప్పు కాదు. ఇంటర్‌కూలర్ వేడెక్కిపోయి ట్యూన్ స్పార్కును వెనక్కి లాగుతోంది. రెండు మూడు కిలోమీటర్లు నడిస్తే మామూలవుతుంది. అలా అవ్వకపోతే ఇంటర్‌కూలర్ పంపు ఫ్యూజు చూడండి.

సన్నని ఈల శబ్దం బ్లోయర్‌కు సహజం. ఐడిలింగులో మాత్రమే వచ్చే కలకల శబ్దం, కాస్త రేజ్ చేయగానే పోతే, అది ఎక్కువసార్లు ముందు షాఫ్టులోని కప్లర్ అరుగుదల. చిన్న భాగమే, బ్లోయర్ ముక్కు విప్పి మార్చొచ్చు. విప్పినప్పుడు గేర్ల ఆయిల్ కంపెనీ చెప్పిన మట్టానికే పోయాలి. ఎక్కువ పోస్తే నురగ కట్టి వేడెక్కి సీలు దాటి రోటర్ల మీదికి వస్తుంది. అదే శబ్దం వేగంతో పాటు పెరుగుతూ గరగరమంటే బేరింగుది. అలాంటి కారును ఇంకో కిలోమీటరు కూడా నడపకుండా ఇంజన్ ఆపి, బెల్టు తీసి, బ్లోయర్ పుల్లీని చేత్తో తిప్పి చూడాలి. మెత్తగా తిరగాల్సిన చోట గరుకు తగిలితే, రోటర్లు ఒకదాన్నొకటి తాకి ఆ లోహపు ముక్కలు ఇంటర్‌కూలర్ రెక్కల్లో పడకముందే బ్లోయర్‌ను దించెయ్యాలి.